పెళ్ళి చేసుకోని ఆవిడ ‘మిసెస్’ ఎలా అయింది? అనువాదంలో చిక్కుకున్నాను

అనువాదిని | శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు రచయిత్రుల మీద ఒక పెద్ద వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో హన్నా మోర్ అనే ఆవిడ ఉంది. వ్యాసం పొడుగునా ఆవిడ ‘మిసెస్ మోర్’. నేనేమీ ఆలోచించకుండా ‘శ్రీమతి మోర్’ అని పెట్టుకుంటూ పోయాను. నిన్న ప్రూఫులు వచ్చాయి. ఎడిటర్ గారు అన్ని చోట్లా ఎర్రగీత కొట్టి, “ఈవిడకి పెళ్ళి కాలేదమ్మా, కుమారి అని మార్చండి” అని పక్కన రాశారు.

చూస్తే ఆయన చెప్పింది నిజమే. 1745లో పుట్టింది, 1833లో పోయింది, పెళ్ళి చేసుకోలేదు. కానీ ఎనభై ఎనిమిదేళ్ళు బతికి, నాటకాలు రాసి, పల్లెటూళ్ళలో బళ్ళు పెట్టించి, బానిస వ్యాపారానికి ఎదురు నిలిచిన మనిషిని ‘కుమారి మోర్’ అనడానికి నాకు చెయ్యి రావడం లేదు.

రెండు ప్రశ్నలు. పెళ్ళి కాకుండా మిసెస్ ఎలా అయింది? పొట్టి రూపంలో ఎమ్‌కీ ఎస్‌కీ మధ్య ఆ ఆర్ ఎందుకుంది? పలికేటప్పుడు ‘ర’ ఎక్కడా వినపడదు కదా.

గోదారిగట్టు | 9:31

మొదటిదానికి జవాబు: అచ్చుతప్పు. రెండోదానికి: ఇంగ్లీషువాడి స్పెల్లింగుకి కారణం అడగకూడదని మా మాస్టారు చిన్నప్పుడే చెప్పారు. ఇక టిఫిన్ చేసి రండి :)

పాతకాగితం | 10:05

గోదారిగట్టు గారూ, ఈ ఒక్కసారికి ఇంగ్లీషువాడి స్పెల్లింగు వైపే న్యాయం ఉంది. టిఫిన్ అయిపోయింది కాబట్టి తీరిగ్గా చెప్తాను.

ఆ మూడక్షరాలూ ‘మిస్ట్రెస్’ అనే మాటకి పొట్టిరూపం. ఆర్ అక్కడిదే. లాటిన్‌లో ‘మజిస్టర్’ అంటే అధికారి, గురువు. అది ఫ్రెంచి మీదుగా వచ్చి ‘మాస్టర్’ అయింది. దాని ఆడరూపం మిస్ట్రెస్, పద్నాలుగో శతాబ్దానికే ఇంగ్లీషులో ఉంది. మాస్టర్ నలిగి ‘మిస్టర్’ అయినట్టే, పేరుకి ముందు గబగబా అనడంలో మిస్ట్రెస్ నలిగి ‘మిసెస్’ అయింది. నోట్లో అరిగిపోయినా కాగితం మీద ఆర్ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మిస్ట్రెస్ అంటే పెళ్ళైన ఆడది అని కాదు, యజమానురాలు అని. ఇంట్లో నౌకర్ల మీద, కొట్లో పనివాళ్ళ మీద, పని నేర్చుకునే కుర్రాళ్ళ మీద అజమాయిషీ ఉన్న మనిషి. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన నిఘంటువు తీస్తే ఆ మాటకి మొదటి అర్థం ‘పాలించే స్త్రీ’. తర్వాత ఏదైనా విద్యలో ఆరితేరినది, పాఠాలు చెప్పేది, ప్రియురాలు, ఇలా సాగుతుంది. ‘పెళ్ళైనది’ అన్న అర్థం ఆ వరసలో లేనే లేదు. కాబట్టి హన్నా మోర్ ‘మిసెస్’ కావడంలో వింతేం లేదు. ఎపిక్టీటస్ అనే పాతకాలపు తత్వవేత్త మాటల్ని గ్రీకు నుంచి ఇంగ్లీషు చేసిన ఎలిజబెత్ కార్టర్‌కీ పెళ్ళి కాలేదు, ఆవిడా లోకానికి మిసెస్ కార్టరే. నాటకాల్లో వెలిగిన ఆన్ బ్రేస్‌గర్డిల్ కూడా అంతే. పెద్దిళ్ళలో వంటశాల చూసే ఆవిడని పెళ్ళితో పని లేకుండా మిసెస్ అనే పిలిచేవాళ్ళు, ఆ అలవాటు చాలాకాలం నడిచింది.

దీని మీద బాగా పనిచేసిన మనిషి కేంబ్రిడ్జి చరిత్రకారిణి ఏమీ ఎరిక్సన్. 2014లో ఈ ఒక్క బిరుదు మీదే పరిశోధన వ్యాసం వేశారు. ఆవిడ చెప్పేదాని సారం: చాలాకాలం పాటు మిసెస్ చెప్పింది అంతస్తుని, పెళ్ళిని కాదు.

అనువాదిని | 10:20

అమ్మయ్య. నాకు పిచ్చి పట్టలేదన్నమాట. మరి ‘మిస్’ ఎక్కడిది?

పాతకాగితం | 10:48

అదీ మిస్ట్రెస్ ముక్కే. మగపిల్లవాడు ‘మాస్టర్ ఫలానా’, ఆడపిల్ల ‘మిస్ ఫలానా’. అంటే మొదట్లో అది చిన్నపిల్లల మాట. పిల్ల పెరిగి పెద్దదైతే, పెళ్ళైనా కాకపోయినా, మిసెస్ అయ్యేది. పద్దెనిమిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి పెద్దిళ్ళలో పెళ్ళికాని ఎదిగిన ఆడవాళ్ళు కూడా మిస్ అనిపించుకోవడం మొదలైంది. అది ఫ్యాషన్‌గా పాకింది. మిస్‌లు పెరిగేకొద్దీ, మిసెస్ అంటే పెళ్ళైనవాళ్ళే అన్న అర్థం దానంతటదే మిగిలిపోయింది.

అందులోనూ మెట్లున్నాయి. జేన్ ఆస్టెన్ చదివినవాళ్ళకి గుర్తుంటుంది: ఇంటికి పెద్దమ్మాయి ఒక్కతే ఉత్త ‘మిస్ బెనెట్’. చెల్లెళ్ళు ‘మిస్ ఎలిజబెత్’ లాగా పేరు తగిలించుకోవాల్సిందే.

ఊరకరారు | 11:15

పాతకాగితం గారు బాగా చెప్పారు గానీ ఒక ముక్క మర్యాదకి దాటేశారు. మిస్ట్రెస్ అంటే ఇప్పుడు లోకానికి తెలిసిన అర్థం ఉంపుడుగత్తె. యజమానురాలి మాట అక్కడిదాకా ఎలా దిగింది?

పాతకాగితం | 11:40

దాటేయలేదు, ఎవరో ఒకరు అడుగుతారని ఆగాను. జాన్సన్ వరసలో చివరి అర్థం అదే. మొదలు పాలించేది, చివర ఉంచుకున్నది. ప్రేమ కవిత్వంలో ‘నా మనసు నేలే దొరసాని’ అనేవాళ్ళు, అక్కణ్ణుంచి ప్రియురాలు, అక్కణ్ణుంచి చాటుమాటు ప్రియురాలు.

మిస్ కూడా తక్కువ తినలేదు. జాన్ ఎవెలిన్ అనే ఆయన 1662 డైరీలో ఒక నటి గురించి రాస్తూ, ఆమె ఫలానా ప్రభువు గారి ‘మిస్’ అనీ, నడత చెడ్డ ఆడవాళ్ళని ఈమధ్య ఇలా అంటున్నారనీ రాసుకున్నాడు. ఇప్పుడు కాన్వెంటు పిల్లలు టీచర్‌ని పిలిచే మాట అది!

ఇది మిస్ట్రెస్‌కి ఒక్కదానికే పట్టిన గతి కాదు. ‘మేడమ్’ అంటే ఫ్రెంచిలో ‘నా దొరసాని’, తర్వాత ఇంగ్లీషులో వేశ్యాగృహం నడిపే ఆవిడకి కూడా అదే మాట. ‘హౌస్‌వైఫ్’ నలిగి ‘హస్సీ’ అయింది, అంటే బరితెగించినది. ‘స్పిన్‌స్టర్’ అంటే నూలు వడికేది, అది పెళ్ళికాని ఆడదానికి చట్టం పెట్టిన పేరై, చివరికి వెక్కిరింతైంది. ఇంగ్లండు, వేల్స్ పెళ్ళి రిజిస్టర్లలో 2005లో గానీ దాన్ని తీసెయ్యలేదు. పక్కనున్న మగమాటలు చూడండి: మాస్టర్, సర్. ఒక్కదానికీ మచ్చ లేదు.

ఓరుగల్లు పిల్ల | మధ్యాహ్నం 12:22

గీ ముచ్చట మన తెలుగుల లేదా ఏంది? ‘సాని’ మాట జూడండి. (ఇక్కడి నుంచి పుస్తకం భాషలోనే రాస్తా, లేకపోతే గోదారిగట్టన్న మళ్ళీ అర్థం అడుగుతడు.)

సంస్కృతం ‘స్వామిని’ అరిగి ‘సాని’ అయింది. స్వామికి ఆడరూపం, అంటే అచ్చం మిస్ట్రెస్. పాత శాసనాల్లో పెద్దింటి ఆడవాళ్ళ పేర్ల చివర ‘సాని’ గౌరవంగానే ఉంటుంది. తర్వాత గుళ్ళో ఆడేవాళ్ళకి అదే మాట, ఆ తర్వాత సానివాడ, సానికొంప. ఇప్పుడు ఒక ఆడమనిషిని ఉత్తగా ‘సాని’ అంటే చెంప పగులుతుంది. కానీ దొరసానిలో, మంత్రసానిలో అదే సాని ఏ మచ్చా లేకుండా బతికే ఉంది. ఇంగ్లీషులో హెడ్‌మిస్ట్రెస్, పోస్ట్‌మిస్ట్రెస్ మిగిలినట్టే.

అనువాదిని గారూ, హన్నా మోర్ దొరసాని అని పెట్టుకోండి, పీడ పోతది :)

అనువాదిని | 12:40

ఓరుగల్లు పిల్లా, ఎంత బాగా కలిపావమ్మా! ‘సాని’ గురించి తెలుసు గానీ మిస్ట్రెస్ పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. దొరసాని మాత్రం పెట్టలేను. ఆవిడ తండ్రి బడిపంతులు. దొరసాని అనగానే చదివేవాళ్ళకి గడీ కనిపిస్తుంది.

ఓరుగల్లు పిల్ల | 12:47

నిజమే. మా అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించేది. వద్దులెండి.

బ్యాంకు బాబాయి | 1:30

నా అనుభవం ఒకటి. బ్యాంకులో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఖాతా తెరవాలంటే పేరు ముందు బిరుదు గడి నింపితే గానీ స్క్రీన్ ముందుకి కదిలేది కాదు. ఒకావిడ వచ్చారు, కాలేజీ లెక్చరరు, యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. మా కుర్రాడు ఆవిడ వయసు చూసి ఏమీ అడక్కుండా మిసెస్ కొట్టేశాడు. పాస్‌బుక్కు చూసుకుని ఆవిడ తిరిగొచ్చారు. ‘మిస్’ అని మారిస్తే అదీ నచ్చలేదు. “బాబూ, మా స్టాఫ్‌రూములో మగాళ్ళలో బ్రహ్మచారులున్నారు, వాళ్ళని మీ మెషీన్ అడుగుతుందా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మూడో గడి ఒకటుందని, దాన్ని ‘మిజ్’ అనాలని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మేం దాన్ని ఎమ్మెస్ అనుకుని ఎమ్మెస్ చదివినవాళ్ళకి కాబోలు అనుకున్నాం. నవ్వకండి.

న్యూజెర్సీ నాగమల్లి | 1:52

బాబాయి గారూ, నవ్వక చస్తామా! ఇక్కడ మా తెలుగువాళ్ళలో సగం మంది ఆ గడికి నిజంగానే అర్హులు.

ఊరకరారు | 2:10

ఆ మిజ్ అనేది 1970ల్లో అమెరికా స్త్రీవాదులు కూర్చుని తయారుచేసిన మాట. భాషలో సహజంగా పుట్టినది కాదు. మిస్, మిసెస్ శతాబ్దాల నుంచి ఉన్నవి. రెండింటికీ తేడా ఉంది.

న్యూజెర్సీ నాగమల్లి | 2:45

అలా అనుకునేవాళ్ళు చాలామంది. కానీ 1901 నవంబరు 10న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చే ఒక ఆదివారం పత్రికలోనే ఈ సలహా ఉంది. ఎదుటావిడకి పెళ్ళైందో లేదో తెలియనప్పుడు ఎలా పిలవాలి అని చెప్పి, ఈ రెండక్షరాలూ రాయండి, ‘మిజ్’ అని పలకండి అన్నారు. 2009లో బెన్ జిమ్మర్ అనే భాషావేత్త ఆ కాగితం బయటికి తీశారు. తర్వాత 1950ల్లో ఆఫీసుల వాళ్ళు కూడా ఉత్తరాలు రాయడం తేలికవుతుందని ఇదే వాడమన్నారు. స్త్రీవాదంతో పని లేదు, టైపిస్టుకి టెన్షన్ తగ్గించడమే పని. బాబాయి గారి కుర్రాడి టెన్షనే.

ఆ మాటని జనంలోకి తెచ్చిన షీలా మైకేల్స్ కథ వచ్చేది ఇక్కడ. 1961 ప్రాంతంలో ఆవిడ రూమ్‌మేట్‌కి ఒక పత్రిక పోస్టులో వచ్చింది. చిరునామా మీద ఈ రెండక్షరాలు. ముందు టైపు తప్పు అనుకుంది. తర్వాత, నేను వెతుకుతున్నది ఇదే కదా అనిపించింది. ఆవిడ తల్లిదండ్రులు పెళ్ళి చేసుకోలేదు. తను ఏ తండ్రి సొత్తూ కాదు, మొగుడి సొత్తు కావాలనీ లేదు. ఎనిమిదేళ్ళు చెప్పుకుంటూ తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. 1969 ప్రాంతంలో న్యూయార్కు రేడియోలో మాట్లాడుతూ ఈ మాట అంది. అది చెవిన చెవిన పడి స్త్రీవాది గ్లోరియా స్టైనెమ్ వాళ్ళకి చేరింది, 1972లో అదే పేరుతో పత్రిక మొదలైంది. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం సర్కారు కాగితాల్లో వాడొచ్చని ఒప్పుకుంది.

అందరికన్నా మొండిపట్టు పట్టింది న్యూయార్క్ టైమ్స్. 1984లో జెరాల్డిన్ ఫెరారో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు వాళ్ళ తిప్పలు చూడాలి. ఆవిడకి పెళ్ళైంది కాబట్టి మిస్ కాదు. భర్త ఇంటిపేరు జకారో, ఆవిడ వాడేది పుట్టింటి పేరు, కాబట్టి మిసెస్ ఫెరారో అంటే వాళ్ళమ్మ! అయినా 1986 జూన్ దాకా మిజ్‌ని లోపలికి రానివ్వలేదు.

ఊరకరారు | 3:05

1901 సంగతి నాకు తెలియదు. వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ‘వాళ్ళమ్మ’ అన్నది కాస్త అతి.

న్యూజెర్సీ నాగమల్లి | 3:09

అతి కాదండీ, లెక్క. ఫెరారో అనే ఆయన భార్య ఎవరు? వాళ్ళమ్మే కదా.

పాతకాగితం | 3:50

నాగమల్లి గారు మొగుడి సొత్తు అన్నారు కాబట్టి ఒక ముడి విప్పుతాను. భార్య పేరు బొత్తిగా పోయి ‘మిసెస్ జాన్ డాష్‌వుడ్’ అని భర్త పూర్తి పేరు తగిలించడం పందొమ్మిదో శతాబ్దపు మొదట్లో కనిపిస్తుంది. 1811లో వచ్చిన ఆస్టెన్ నవలలోది ఈ పేరు. దీని వెనక ఇంగ్లండు న్యాయం ఉంది. పెళ్ళితో భార్యాభర్తలు చట్టం కళ్ళకి ఒకే మనిషి అని బ్లాక్‌స్టన్ అనే న్యాయకోవిదుడు 1765లో రాశాడు. ఆ ఒక్క మనిషీ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళైన ఆడది తన పేర ఆస్తి నిలుపుకోవాలంటే 1870, 1882 చట్టాలు రావాల్సొచ్చింది.

విచిత్రం చూడండి. కొట్టు నడిపే యజమానురాలి బిరుదు, ఆస్తే లేని మనిషికి గుర్తుగా మారింది. మాటలో ఒక్క అక్షరం మారలేదు.

గోదారిగట్టు | 4:15

మనకేం తక్కువ? మొన్న మా ఇంటికొచ్చిన శుభలేఖ మీద ‘శ్రీమతి & శ్రీ వెంకట్రావు గారు’ అని ఉంది. మా ఆవిడ చదివి, “శ్రీమతి వరకూ నేను, మిగతాదంతా మీరు” అంది. ఇప్పుడు తెలిసింది, ఇది జేన్ ఆస్టెన్ స్టైలు.

సందేహాల సుబ్బులు | 4:40

ఇందాకటి నుంచి చదువుతున్నాను, కొత్తదాన్ని. ఒక సందేహం. ఇంగ్లండులో యజమానురాలు కాని మామూలు ఆడవాళ్ళని ఏమనేవాళ్ళు?

పాతకాగితం | 5:02

మంచి ప్రశ్న, సుబ్బులు గారూ. కాస్త కింది మెట్టు వాళ్ళకి ‘గుడ్‌వైఫ్’, అది నలిగి ‘గూడీ’. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని పట్టి విచారించిన కాగితాల్లో గూడీ నర్స్, గూడీ గుడ్ అని కనిపిస్తారు. నర్స్, గుడ్ అనేవి వాళ్ళ ఇంటిపేర్లు. ఇంకా కింద ఉన్నవాళ్ళకి ఉత్త పేరే.

సందేహాల సుబ్బులు | 5:20

అయితే మన ‘గారు’ లాగే. మా ఇంట్లో పనిచేసిన సూరమ్మకి డెబ్బై ఏళ్ళు, మా నాన్న ఆమెని ‘ఏమే’ అనేవాడు. ఆమె మాత్రం పదేళ్ళ నన్ను ‘అమ్మాయిగారూ’ అనేది.

న్యూజెర్సీ నాగమల్లి | 5:41

సుబ్బులు గారి మాట నన్ను ఆపేసింది. నేను ఇప్పుడే “మిజ్ కోసం వాళ్ళు డెబ్బై ఏళ్ళు కొట్టుకున్నారు, మనకి గారు ఎప్పటినుంచో ఉంది, ఆడా మగా, పెళ్ళీ పెటాకులూ ఏదీ చెప్పదు” అని టైపు చేస్తున్నాను. అది నిజమే గానీ, ఎవరికి దక్కుతుందన్నది వేరే లెక్క.

బ్యాంకు బాబాయి | 6:15

గారు పేరు వెనక వస్తుంది కాబట్టి బతికిపోయింది. పేరు ముందుకి వెళ్తే మనమూ తీరుబడిగా ఆరా తీశాం. పాత ఉత్తరాలు చూడండి. పెళ్ళికూతురు చి.ల.సౌ., ముత్తైదువకి సౌభాగ్యవతి, భర్త పోతే ‘గంగాభాగీరథీ సమానురాలు’. మా మేనత్తకి వచ్చిన కార్డుల మీద ఆ మాట చూసి, గంగతో పోల్చారు, ఎంత గౌరవమో అనుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం కార్డుని బోర్లా పెట్టేది. మగాళ్ళకి భార్య ఉన్నా పోయినా మహారాజశ్రీయే.

గోదారిగట్టు | 6:30

బాబాయి గారూ, ఇక మీ మీద జోకులు వెయ్యను.

ఓరుగల్లు పిల్ల | 6:44

బడిలో ‘మిస్’ సంగతి ఎవరైనా చెప్పండి. మా మిస్‌కి ఇద్దరు పిల్లలుండేవాళ్ళు, అయినా మిస్సే.

పాతకాగితం | 7:10

ఇంగ్లండులో చాలాచోట్ల పెళ్ళి చేసుకున్న టీచరమ్మ ఉద్యోగం వదలాల్సిందే. లండన్ కౌంటీ వాళ్ళు 1935లో ఆ నిబంధన తీసేశారు, మిగతా దేశంలో 1944 విద్యాచట్టం దాకా ఆగాల్సొచ్చింది. కాబట్టి బడిలో ఉన్నావిడ మిస్సే అయ్యుండేది. నిబంధన పోయినా పిలుపు పోలేదు. మన వైపు మిషన్ బళ్ళూ ఆస్పత్రులూ నడిపిన తెల్లవాళ్ళలో పెళ్ళికాని ఆడవాళ్ళు చాలామంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు మిస్‌కి అమ్మ చేర్చి ‘మిస్సమ్మ గారు’ అనేవాళ్ళు.

గోదారిగట్టు | 7:18

1955 సినిమా పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటా అని కాచుకుని కూర్చున్నాను. పెళ్ళికాకుండానే ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని చెప్పుకున్న కథకి అంతకన్నా మంచి పేరు దొరకదు.

నిర్వాహకుడు | 7:25

సినిమా చర్చకి వేరే గది ఉంది. గోదారిగట్టు గారికి ప్రేమతో రెండో హెచ్చరిక.

న్యూజెర్సీ నాగమల్లి | 7:40

పక్క దేశాల మాట ఒక్క ముక్క: జర్మనీలో మిస్‌కి సాటి మాట ‘ఫ్రాయ్‌లైన్’ని 1972లో సర్కారు కాగితాల నుంచి తీసేశారు. ఫ్రాన్సు కూడా వాళ్ళ మిస్ అయిన ‘మద్మొజెల్’ గడిని 2012లో ఎత్తేసింది. ఇద్దరూ కొత్త మాట పుట్టించలేదు, పెద్దావిడ మాటే అందరికీ ఇచ్చేశారు. ఇంగ్లీషువాళ్ళు కూడా పాత మిసెస్‌నే అందరికీ ఉంచేసి ఉంటే మిజ్ అవసరమే ఉండేది కాదు.

ఊరకరారు | 8:05

ఈ మాట నాకు నచ్చింది. అయితే అనువాదిని గారికి నా ఓటు: అన్ని చోట్లా శ్రీమతి అనే ఉంచండి. శ్రీమతి అంటే శ్రీ కలది, అందులో మొగుడెక్కడున్నాడు?

అనువాదిని | 8:30

నిఘంటువులో లేడు, చదివేవాళ్ళ మనసులో ఉన్నాడు. అదే చిక్కు. ‘శ్రీమతి మోర్’ అంటే మోర్ అనే ఆయన ఎవరని వెతుక్కుంటారు. నిజానికి పెళ్ళి దాకా వచ్చిన ఒకాయన ఉన్నాడు. ముహూర్తం మూడుసార్లు వాయిదా వేసి, చివరికి ఏడాదికి 200 పౌండ్ల భరణం ఏర్పాటు చేసి తప్పుకున్నాడు. ఆ డబ్బుతోనే ఆవిడ తీరిగ్గా రాసుకోగలిగింది.

అనువాదిని | సోమవారం సాయంత్రం 5:50

ఎడిటర్ గారితో మాట్లాడాను. మొదటిసారి వచ్చినచోట ‘మిసెస్ హన్నా మోర్’ అని తెలుగు అక్షరాల్లో అలాగే ఉంచి, ఆ కాలంలో అది యజమానురాలి హోదా, పెళ్ళికి గుర్తు కాదు అని అక్కడే ఒక వాక్యం కలిపాం. మిగతా అన్ని చోట్లా ‘హన్నా మోర్ గారు’. సాని గురించి నేను రాసుకున్న అర పేజీ మాత్రం కొట్టేశారు, వ్యాసం దారి తప్పుతోందని. అది ఓరుగల్లు పిల్ల పేరు మీద ఇక్కడే ఉండనీ.

ఫోన్ పెట్టేసే ముందు, పారితోషికం కాగితంలో మీ పేరు ముందు ఏం రాయమంటారమ్మా అని అడిగారాయన. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బ్యాంకు బాబాయి | 6:02

గడి ఖాళీగా వదిలెయ్యమనండి. ఇప్పటి మెషీన్లు ఒప్పుకుంటాయి.